అద్దెకున్న పేరు

"ఏదో ఒక రోజు మన పిల్ల పేరు ఎవడో ఎత్తుకుపోతాడు, చూస్తూ ఉండండి," అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున్నే కొట్టు తెరిచాం. ఆయన బల్ల ముందు కూర్చుని ఒక తాళంచెవికి పళ్ళు తీస్తున్నారు, నేను నేల తుడుస్తున్నాను. నా నోట ఇలాంటి మాట రావడానికి ఏదో ఒకటి జరిగి తీరాలన్న నియమం మా ఇంట్లో ఎప్పుడూ లేదు కాబట్టి ఆయన తలెత్తలేదు.

"పేరెలా ఎత్తుకుపోతారే? నిచ్చెనేసుకుని వచ్చి బోర్డు విప్పుకుపోతారా?"

"బోర్డు కాదండీ. ఇంటర్నెట్‌లో ఉన్న పేరు. అది మనది కాదట, అద్దెదట!"

"ఉంటున్న ఇల్లే అద్దెది. పేరు కూడా అద్దెదైతే ఏం పోయింది?" అని ఆకురాయి మీద పొడి ఉఫ్ మని ఊదారు. మా ఆయనకి ధైర్యం ఎక్కువని అందరూ అంటారు. ఇద్దరూ పడాల్సిన భయం నేనొక్కదాన్నే పడుతుంటే ఆయనకి మిగిలేది ధైర్యమే కదా.

మాది తాళాల కొట్టు. తాళంచెవులు చేస్తాం, పాడైన తాళాలు బాగుచేస్తాం, చెవి లోపల మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి తలుపులు తెరుస్తాం. పెట్టింది ఆయనే అయినా ఇప్పుడు పనంతా మా అమ్మాయిదే. మొదట్లో వచ్చినవాళ్ళందరూ దాన్ని దాటి లోపలికి తొంగి చూసి "మీ నాన్న లేరా?" అనేవాళ్ళు. ఆడపిల్ల చేతిలో తాళంచెవి కనపడితే లోకానికి ఇంటి పెత్తనం గుర్తొస్తుంది గానీ పనితనం గుర్తు రాదు. ఒకసారి మా ఎదురుగా ఉన్న లేడీస్ హాస్టల్లో స్నానాల గది తలుపు బిగుసుకుపోయింది. లోపల ఒక పిల్ల ఏడుస్తోంది. మా అమ్మాయి వెళ్ళి గడియ ఊడదీసి ఆ పిల్లని బయటికి తెచ్చింది. అప్పట్నుంచి హాస్టలు పిల్లలు దాన్ని "తాళాలమ్మాయి" అనడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులుగా మేం ఎంతో ఆలోచించి పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు, ఈ పేరు మాత్రం ఊరంతా పాకింది. ఆ పేరుతోనే వెబ్‌సైటు పెట్టుకుంది. తాళాలమ్మాయి డాట్ కామ్. తెరవగానే ఒక పాత చెక్క తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో స్క్రూడ్రైవరు కరుచుకున్న మా అమ్మాయి ఫొటో కనపడుతుంది. అది జారి గొంతులోకి దిగితే ఏం గతని నేను ఆ ఫొటో తీసిన రోజు నుంచీ అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆ పేరు అద్దెదన్న సంగతి నాకు ముందురోజే తెలిసింది. ఇంటర్నెట్‌లో పేరు కొనుక్కోవడమనేది ఉండదట. అవి అద్దెకిచ్చే కంపెనీలుంటాయట. ఏడాదికోసారి అద్దె కడుతూ ఉండాలట, మానేస్తే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. అమ్మాయి ఈ మాట అన్నం తింటూ మామూలుగా చెప్పేసి చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకుంది. నేను పడుకోలేదు.

మా ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. తలుపు చూడందే చెవి చెయ్యరు. సబ్బు ముక్క మీద అచ్చు తెచ్చినా, ఫోన్లో ఫొటో తెచ్చినా పనికిరాదు. ఇంటిదాకా వెళ్ళి, ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి, "తలుపు తెరవగానే ఎదురుగా ఏం కనపడుతుంది?" అని అడుగుతారు. చెప్పింది నిజమైతేనే పని, కాకపోతే పోలీసు. సొంత తమ్ముడు తాళంచెవి పోగొట్టుకున్నప్పుడు కూడా ఇలాగే అడిగారు. మా మరిది "బీరువా" అన్నాడు. తెరిస్తే ఎదురుగా మా తోడికోడలు నిలబడి ఉంది. మరిది అంతసేపూ తలుపు కొడుతున్నా, లోపలుండి కూడా ఆవిడకి తియ్యబుద్ధి కాలేదట.

అలాంటి మా కొట్టుకి ఒక రోజు పోస్టులో దళసరి కవరు వచ్చింది. పైన ఎర్రటి అచ్చు, మధ్యలో గుండ్రటి ముద్ర, కింద చారలు చారలుగా గీతలు. అంత గంభీరమైన కాగితం మా ఇంటికి ఇంతకు ముందెప్పుడూ రాలేదు. వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మాయి ఎక్కడో ఒక బేస్‌మెంట్లో ఇనప తలుపు పని మీద ఉంది, ఫోన్ కలవలేదు. కలవకపోతే కరెంటు షాకేమో, తలుపు మీద పడిందేమో అని ఇంకో భయం తోడైంది. మరిదికి ఫోన్ చేశాను.

మా మరిది ఒక ఆఫీసులో పెద్ద గుమస్తా. ఇంగ్లీషు గడగడా చదవగలడు. చదివినదంతా నమ్మగలడు కూడా. అందుకే ఇంట్లో అందరం అతన్ని మేధావి అంటాం. వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురు వైపు పట్టుకున్నాడు.

"డొమైన్ నేమ్ రెన్యువల్ నోటీసు. అంటే పేరు గడువు నోటీసన్నమాట. 'తుది హెచ్చరిక. మీ పేరు గడువు ముగియబోతోంది. వెంటనే సొమ్ము చెల్లించనిచో మీ గుర్తింపును శాశ్వతంగా కోల్పోవుదురు.'"

"తుది హెచ్చరికా? మొదటిదెప్పుడొచ్చింది?"

"మొదటిది మనం చూసుకోకపోవడమే మన తప్పయి ఉంటుంది వదినా."

"శాశ్వతంగా అన్నాడా?"

"శాశ్వతంగానే అన్నాడు. ఇదిగో ఇక్కడ సంతకం పెట్టి, డబ్బు కట్టి పంపాలి. పేరు బదిలీకి సమ్మతి అట. ఏదో మామూలు లాంఛనం."

అడిగిన సొమ్ము అమ్మాయి ఏటా కట్టేదానికి నాలుగింతలుంది. "గవర్నమెంటు వ్యవహారాలు అలాగే ఉంటాయి," అన్నాడు మేధావి. కాగితంలో గవర్నమెంటు అన్న మాట ఎక్కడా లేదు. ముద్ర గుండ్రంగా ఉంది కాబట్టి అతనికలా అనిపించిందట.

మా ఆయన ఆకురాయి కింద పెట్టి కలం తీసుకున్నారు. వచ్చినవాణ్ణల్లా గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలడిగే మనిషి, గుమ్మం ఎక్కడుందో తెలియనివాడు పంపిన కాగితం మీద సంతకానికి సిద్ధమయ్యారు. కారణం నేనే. "పెట్టండి, పెట్టండి, శాశ్వతం అన్నాడు" అని పక్కన నిలబడి చెవిలో జోరీగలా పోరుతున్నాను. ఆ మోతలో ఏ మనిషైనా ఉరిశిక్ష మీదైనా సంతకం పెట్టేస్తాడు.

అంతలో అమ్మాయి వచ్చింది. మోకాళ్ళదాకా మసి, భుజాన సంచీ. కాగితం చూసింది. తండ్రి చేతిలో కలం చూసింది. నవ్వింది.

"బాబాయ్, దీని వెనక పక్క చదివావా?"

"వెనక ఏముంటుందమ్మా, నిబంధనలు."

"చదువు."

వెనక బూడిదరంగులో, చీమలు పాకినట్టు ఉన్న అక్షరాల్ని మరిది కళ్ళకి ఆనించుకుని చదివాడు. "'ఇది బిల్లు కాదు. తమరు మా కంపెనీకి మారవలసిందిగా ఆహ్వానం మాత్రమే.'"

"ఆహ్వానమా!" అన్నాను. "శాశ్వతంగా పోతావని బెదిరించి భోజనానికి పిలుస్తాడా ఎవడైనా?"

"వీళ్ళ పనే అదమ్మా. మనకి పేరు అద్దెకిచ్చింది వీళ్ళు కాదు, వేరే కంపెనీ. మన గడువు కూడా ఇంకా నెలల దూరంలో ఉంది. కొట్టు చిరునామా సైటులో నేనే పెట్టాను కదా, అది చూసి పంపారు. సంతకం పెట్టి డబ్బు కడితే పేరు వాళ్ళ చేతికి వెళ్తుంది. ఆ తర్వాత ఏటా వాళ్ళడిగినంత కట్టాలి."

"మరి ఇలాంటివి వస్తే ఏం చెయ్యాలే?"

"ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యకూడదు. మెయిల్లో వస్తే అందులో ఉన్న లింకు నొక్కకూడదు. మనకి అద్దెకిచ్చిన కంపెనీ సైటు వాకిట్లోకి మనమే నడిచెళ్ళి, మన ఖాతా తెరిచి గడువు చూసుకోవాలి. అవన్నీ నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ఇలాంటివి కనపడగానే బుట్టలో పడెయ్."

ఇంత చెప్పినా నాకు గుర్తుండిపోయింది చివరి ముక్క ఒక్కటే.

"సరే, వాడికి మన బ్యాంకు కార్డు నంబరు తెలిసిపోయి ఉంటే?"

"ఎలా తెలుస్తుందమ్మా? మనం ఏమీ కట్టలేదుగా!"

"చిరునామా తెలిసినవాడికి నంబరు తెలియడం ఎంతసేపు?"

అన్నం దగ్గర అడిగాను. పళ్ళు తోముకుంటుంటే అడిగాను. అది తాళం విప్పుతుంటే చెవి దగ్గర అడిగాను. చివరికి పిల్ల దండం పెట్టి, బ్యాంకుకి ఫోన్ చేసి, నిక్షేపంలాంటి కార్డుని రద్దు చేయించి కొత్తది తెప్పించుకుంది.

"ఇప్పుడు సంతోషమా?"

"సంతోషం మాట దేవుడెరుగు, భయం కాస్త తగ్గింది," అన్నాను. అది నిజం. సాయంత్రం దాకా తగ్గే ఉంది.

మర్నాటి నుంచి నేను కాపలా కాయడం మొదలుపెట్టాను. కొట్టులో బల్ల మీద ఒక కంప్యూటరుంటుంది. అమ్మాయి పని మీద వెళ్ళినప్పుడు, తాళాలు కావాలని ఎవరు మెయిల్ పెట్టినా నేను చూసి ఆయనకి చెప్పాలి. అన్నీ తెలుగులోనే కనపడేలా అది పెట్టి ఇచ్చింది. ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో, ఎక్కడ నొక్కితే బుట్టలో పడుతుందో నాకు తెలుసు. దేశాలేలడానికి ఈ రెండూ చాలు.

పోస్టులో వచ్చిన కవర్లన్నీ చింపాను. ఫోన్ చేసినవాళ్ళందరినీ కడిగిపారేశాను. బ్యాంకు నుంచి ఒక అమ్మాయి "కొత్త కార్డు అందిందా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగితే, "నీకెందుకమ్మా, మీ అమ్మానాన్నలకి తెలుసా నువ్వు చేసే పని?" అన్నాను. ఆ పిల్ల ఇంకో ఉద్యోగం చూసుకుందో ఏమో, మళ్ళీ చెయ్యలేదు.

అలా కొన్ని నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం మెయిల్లో ఒకటి దిగింది. ముద్ర లేదు. ఎరుపు లేదు. పొడిపొడిగా రెండే వాక్యాలు. 'మీ పేరు గడువు దగ్గరపడుతోంది. మీ కార్డు నుంచి సొమ్ము రాలేదు, దయచేసి మీ ఖాతాలోకి వెళ్ళి కార్డు వివరాలు మార్చుకోండి.'

"చూశారా, ఈసారి సూటిగా కార్డే అడుగుతున్నాడు!" అన్నాను ఆయనతో. "మొన్నటివాడే నయం, కాస్త ఖర్చుపెట్టి అచ్చేయించాడు. వీడికి ముద్ర కొట్టించే దిక్కు కూడా లేదు."

బుట్టలో వేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వేశాను. దొంగకి పట్టుదలుంటే నాకు లేదా? రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ కూడా ఒకడొచ్చాడే, నీ పేరు గడువని. తోసిపారేశాను," అని చెప్పాను. అలసిపోయి ఉంది పిల్ల, కంచంలోంచి తల ఎత్తకుండానే "మంచి పని చేశావమ్మా" అంది. ఆ మెచ్చుకోలుతో నాకు వారంపాటు ఆకలే వెయ్యలేదు.

ఇలా ఉండగా ఎదురు హాస్టల్‌కి గదులన్నిటికీ కొత్త తాళాలు వేయించాలని నిర్ణయించారు. గదులు, స్నానాల గదులు, గేట్లు, అన్నీ. మా అమ్మాయికి అంత పెద్ద పని ఎప్పుడూ దొరకలేదు. అది దొరికితే ఇంక "మీ నాన్న లేరా?" అని అడిగే నోళ్ళు మూతపడతాయి. పోటీకి అద్దాల తలుపుల పెద్ద షాపొకటుంది. కానీ వార్డెనుకి మా పిల్లంటే గురి. కమిటీ కూర్చునే రోజున నీ సైటు తెరిచి వాళ్ళకి చూపిస్తాను, నువ్వు చేసిన పనులన్నీ ఫొటోల్లో చూస్తే కాదనరు అంది.

ఆ రోజు రానే వచ్చింది. నేను పొద్దున్నుంచీ ఏదో అవుతుందని అంటూనే ఉన్నాను. మధ్యాహ్నం వార్డెను ఫోన్ చేసింది. అమ్మాయి చేతులు గ్రీజుతో ఉన్నాయని స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, నీ పేజీ తెరిస్తే 'ఈ పేరు గడువు తీరిపోయింది' అని వస్తోందేమిటి? సాయంత్రానికి కమిటీ కూర్చుంటుంది. ఇది చూపిస్తే వాళ్ళేమంటారు? తన పేరుకే తాళం వేసుకోలేని పిల్ల మన హాస్టల్‌కి ఏం వేస్తుందనరూ? అప్పటికి కనపడితే సరే. లేకపోతే నా చేతిలో ఏమీ ఉండదు."

కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. పాత తలుపూ లేదు, స్క్రూడ్రైవరూ లేదు. తెల్లటి గోడలాంటి పేజీ, దాని మధ్య ఒక్క వాక్యం. 'ఈ పేరు గడువు తీరిపోయింది.'

"కార్డు నుంచి దానంతటదే కట్టుకుంటుందిగా..." అని గొణుక్కుంది. ఆ వాక్యం మధ్యలో ఆగి నావైపు చూసింది. రద్దయిన కార్డు దానికి గుర్తొచ్చింది, నాకూ గుర్తొచ్చింది.

"కట్టకపోతే వాళ్ళు చెప్పాలి కదా. ఒక్క మెయిలైనా పంపాలి కదా!"

నేనేమీ అనలేదు. ఇన్నేళ్ళ సంసారంలో నేనేమీ అనకపోవడం అదే మొదటిసారి కావడంతో మా ఆయన ఆకురాయి కింద పెట్టేశారు.

అంతకు ముందు చూసిన మెయిళ్ళు కంప్యూటరులో ఇంకా కనపడుతున్నాయి. అమ్మాయి బుట్ట తెరిచింది. దొంగ నోటీసుల పక్కనే, వాటితో సమానంగా, అసలు కంపెనీ పంపిన హెచ్చరికలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చదువుకుంటూ కిందికి పోయింది. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

"ఏదో ఒకటి అనవే," అన్నాను.

అది కంపెనీ వాకిట్లోకి తనే నడిచెళ్ళింది, ఖాతా తెరవబోయింది. కొత్త చోటు నుంచి తెరుస్తున్నారేమో అనుకుని ఆ సైటు ఒక కోడ్ పంపిస్తానంది. ఎక్కడికి పంపింది? తాళాలమ్మాయి పేరు మీద ఉన్న మెయిల్‌కి. ఆ మెయిలు ఆ పేరుతోపాటే చచ్చి కూర్చుంది, పాతవి కనపడతాయి గానీ కొత్తవి రావు. పేరు తెరవాలంటే మెయిలు కావాలి, మెయిలు రావాలంటే పేరు తెరవాలి. చెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నవాళ్ళని చూసి రోజూ నవ్వుకునే తాళాల కొట్టువాళ్ళం, సరిగ్గా అదే గుమ్మంలో నిలబడ్డాం.

ఇలాంటి సమయానికి రావడం మా మరిదికి వెన్నతో పెట్టిన విద్య. నేను చేసిన ఫోనుకి ఆఫీసు మధ్యలో వదిలేసి వచ్చాడు, చేతిలో కాగితంతో. మొన్నటి నోటీసులాంటిదే ఇంకోటి. నేను చింపి బుట్టలో వేస్తే, ఆ గుండ్రటి ముద్ర మీద గౌరవంతో ఏరి, అతికించి దాచుకున్నాడట.

"ఇందులో నంబరుంది. చేస్తాను. వీళ్ళు ముందే హెచ్చరించారు కదా, మనమే వినలేదు. ఇప్పుడు నిజంగా గడువు తీరింది కాబట్టి నిజంగానే పని చేసిపెడతారు!"

మేధావి మాటలకి అడ్డు చెప్పే ఓపిక అమ్మాయికి లేదు. తన ఫోన్లోంచి అసలు కంపెనీ నంబరు కలిపింది. అక్కడ సంగీతం మొదలైంది. 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అంది ఒక గొంతు. అంత ముఖ్యమైనది కాబట్టే జాగ్రత్తగా పక్కన పెట్టారు.

మరిది చేసిన నంబరు మాత్రం మొదటి రింగుకే ఎత్తారు. దొంగలకున్న శ్రద్ధ దొరలకుంటే ఈ లోకం ఎక్కడో ఉండేది.

"చెప్పండి సార్, మీ పేరు మేం కాపాడతాం," అంది అవతలి గొంతు, తేనెలో ముంచినట్టు. "కార్డు నంబరు చెప్పండి, బదిలీకి ఒప్పుకుంటున్నానని ఒక్క మాటనండి, పది నిమిషాల్లో మీ పేజీ వచ్చేస్తుంది."

పది నిమిషాలు. సాయంత్రం కమిటీ. అమ్మాయి చెవి దగ్గర సంగీతం. అది ఒక్క క్షణం మరిది ఫోన్ వైపు చూసింది. నేను దాని కళ్ళు చూశాను. నా పిల్లకి భయం వేసింది. దాని భయమంతా ఇన్నాళ్ళూ నేనే పడుతున్నాననుకున్నాను. చూడబోతే దానిది దానికి విడిగా ఉంది.

మరిది చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"బాబూ, మా పేజీ తెరవగానే ఎదురుగా ఏం కనపడుతుంది?"

"ఏమిటమ్మా?"

"మా పేరు నీ దగ్గరుందన్నావుగా. తెరవగానే ఏం కనపడుతుందో చెప్పు."

"మీ... మీ కంపెనీ బొమ్మ కనపడుతుందమ్మా. అయినా ముందు డబ్బు కట్టండి, తర్వాత అన్నీ కనపడతాయి."

మా ఆయన లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేశారు. "తలుపు చూడనివాడికి చెవి ఇవ్వకూడదు," అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఇదే మాట మొదటి కవరు వచ్చినప్పుడు గుర్తొచ్చి ఉంటే బాగుండేదని అనబోయి మానేశాను. నాకూ కొంచెం తెలుసు, ఎప్పుడు ఏది అనకూడదో.

ఇంక సంగీతం వింటూ కూర్చున్నాం. అది అయిపోయి మళ్ళీ మొదటినుంచి వచ్చింది. లైను తెగిపోయిందేమో అన్నాను. ఫోనులో చార్జింగ్ అయిపోతుందేమో అన్నాను. ఈ లోపల ఎవడైనా వచ్చి ఆ పేరు అద్దెకి తీసుకుని, ఆ పేరుతో దొంగతనాలు చేసి, పోలీసులు మన పిల్లని పట్టుకుపోతారేమో అన్నాను. అమ్మాయి మరిదితో మాట్లాడుతోంది, తండ్రితో మాట్లాడుతోంది, నాతో మాత్రం లేదు. మంచినీళ్ళిస్తే తాగింది. గ్లాసు తిరిగి నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

చివరికి సంగీతం ఆగి, ఒక ఆడమనిషి గొంతు వినపడింది. అమ్మాయి జరిగిందంతా చెప్పింది. అవతలావిడ తేనెలా ఏమీ మాట్లాడలేదు. "మీరే సొంతదారని నాకెలా తెలుస్తుంది?" అంది ముందు. అంత కటువుగా అడిగేసరికి నా ప్రాణం లేచొచ్చింది. మా ఆయన కూడా మెచ్చుకోలుగా తలాడించారు.

ఫోనుకి ఒక కోడ్ వచ్చింది, అమ్మాయి చదివింది. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "ఖాతా తెరిచినప్పుడు మీరే ఒక ప్రశ్న పెట్టుకున్నారు. మీ ఇంటి వీధి తలుపుకి ఎన్ని గడియలున్నాయి?"

"ఆరు," అంది అమ్మాయి.

"ఏడు కదే," అన్నాను ఉండబట్టలేక. "మొన్న కింద ఇంకోటి బిగించాను."

"అప్పటికి ఆరండీ," అంది అమ్మాయి ఫోన్లో. అవతలావిడకి దగ్గొచ్చింది. నవ్వే అయ్యుంటుంది.

గడువు తీరినా పేరు ఇంకా వాళ్ళ దగ్గరే భద్రంగా ఉందట. కొన్నాళ్ళు ఎవరికీ ఇవ్వకుండా ఆగుతారట. ఇదేదో ముందే చెప్తే నేను ఇన్ని రకాలుగా చచ్చేదాన్ని కాదు. కొత్త కార్డుతో అద్దె కట్టింది. కొందరికి వెంటనే, కొందరికి కాస్త ఆలస్యంగా పేజీ కనపడుతుంది అంది ఆవిడ.

కొట్టు కంప్యూటరులో తెల్లగోడే ఉంది. అమ్మాయి ఫోను ఖాళీ లేదు. మొదట కనపడింది ఎవరి ఫోన్లోనో తెలుసా? మా మేధావి ఫోన్లో.

"వచ్చింది! స్క్రూడ్రైవరు వచ్చింది!" అని గంతేశాడు.

"అయితే నడవరా," అని మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా తమ్ముడి రెక్క పట్టుకుని వీధి దాటించి హాస్టల్లోకి లాక్కెళ్ళారు. అటు ముందుగదిలో కమిటీ అప్పటికే కూర్చున్నట్టుంది, కిటికీలోంచి తలకాయలు కనపడుతున్నాయి. ఆ తలకాయల మధ్యకి మా మరిది చెయ్యి చాపి ఫోన్ చూపించడం కనపడింది. ఒక తలకాయ పక్క తలకాయ వైపు తిరిగింది. నేను పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి మరిది గేటు దగ్గరికొచ్చి, వీధి వీధంతా వినపడేలా అరిచాడు.

"వదినా! రేపు కొలతలకి రమ్మన్నారు! అమ్మాయినే రమ్మన్నారు!"

నేను కుర్చీలో కూలబడ్డాను. మరుక్షణం, అన్ని గదుల్లో పని చేస్తూ నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుంటే జారదా అని గుర్తొచ్చింది. ఇవాళ్టికి వద్దులే అనుకున్నాను.

ఫోన్లో ఆవిడ ఇంకా లైన్లోనే ఉంది.

"ఇంకొక్క విషయం మేడమ్. మీ మెయిలు ఆగిపోయినా, హెచ్చరిక ఎవరి కంటా పడకపోయినా మళ్ళీ ఇదే ఇబ్బంది వస్తుంది. అందుకని మీతోపాటు ఇంకొకరి నంబరు రాసుకుంటాం. గడువు దగ్గరపడితే వాళ్ళకే ఫోన్ చేసి చెప్తాం. ఎవరిది రాయమంటారు?"

అమ్మాయి కుర్చీ కంప్యూటరు వైపు తిప్పుకుంది.

"మీ నాన్నది చెప్పు," అన్నాను మెల్లగా. "ఆయన ఫోన్ ఎత్తరనుకో. అయినా ఆయనదే చెప్పు. బాబాయిది... వద్దులే, బాబాయిది వద్దు."

అది బుట్ట తెరిచి ఉన్న కంప్యూటరు వైపు చూస్తోంది. ఒకదాని కింద ఒకటి, నేను తోసిపారేసినవన్నీ అలాగే ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట మరిది ఇంకా ఎవరికో అరిచి చెప్తున్నాడు. నేను బల్ల మీద గ్లాసు తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను.

"హలో? మేడమ్, వినపడుతోందా? ఎవరి నంబరు?"

ఈసారి లైను తెగిపోయి ఉంటుందని నాకు ఖాయమైపోయింది. ఆ మాటే అనబోతుంటే అమ్మాయి నావైపు తిరిగింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మా అమ్మ నంబరు రాసుకోండి," అంది. "మీరు ఫోన్ చెయ్యాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. రేపటి నుంచి రోజూ ఆవిడే మీకు చేస్తుంది."